మూత్రపిండముల మీది చిన్న గ్రంథులు

జ్వరము తగిలినప్పుడు మనము నిందించునది క్రిమిని. వైద్యులును చాలకాలము అట్లే తలంచిరి. కాని తీవ్రమైన అంటురోగమున ప్రాణము తీయునది పెక్కుమార్లు క్రిమి కాదు. దానిపై మన శరీరము రేపు మంటయే. ఆ మంటను అదుపులో నుంచు గ్రంథుల కథ యిది.

మూత్రపిండముల నెత్తిన టోపీలవలె కూర్చున్న వీనికి అడ్రినల్ గ్రంథులని పేరు. ఒక్కొక్కటి అరతులమైనను తూగదు. ఇవి చెడినవారు నానాటికి నీరసించి, మేను నల్లబడి, మరణించుచుండుటను 1855లో లండనునందలి గైస్ ఆసుపత్రి వైద్యుడు థామస్ అడిసన్ వర్ణించెను. మరుసటి యేట బ్రౌన్-సెకార్డ్ వీనిని జంతువుల దేహమునుండి తొలగించి చూడగా అవి బ్రదుకలేదు. తరువాతి ప్రయోగములలో మరియొక వింత బయటపడెను. మామూలు జంతువు తట్టుకొనగల కొద్దిపాటి క్రిమివిషమునకే గ్రంథులు లేని జంతువు కూలిపోయెడిది. కావున ఈ గ్రంథుల హార్మోను క్రిములతో పోరాడుటకు బలమిచ్చునని పలువురు భావించిరి.

ఈ ఊహను తలక్రిందులు చేసినది ఒక కీళ్లవాత రోగి. 1929లో అమెరికాయందలి మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు, ఆ రోగికి కామెర్లు రాగానే కీళ్లనొప్పి మాయమగుట గమనించెను. గర్భవతులకును అట్లే ఉపశమనము కలుగుచుండెను. దేహమే ఏదో మందు తయారుచేసికొనుచున్నదని ఆయన అనుమానము. అచటనే ఎడ్వర్డ్ కెండాల్ పశువుల అడ్రినల్ గ్రంథులనుండి కొన్ని పదార్థములను వేరుచేసియుండెను. వానిలో కార్టిజోనుగా పిదప ప్రసిద్ధమైనదానిని 1948 సెప్టెంబరు 21న ఒక యువతికి సూదిమందుగా నిచ్చిరి. పక్కమీద దొర్లుటకే కష్టపడు ఆమె వారము తిరుగకమునుపే లేచి నడిచెను! 1950లో వారిరువురికిని, స్విట్జర్లాండునందలి రైక్‌స్టైన్‌కును నోబెల్ బహుమానము లభించెను.

సంబరము నిలువలేదు. మందు మానగానే నొప్పి తిరిగివచ్చెను. ఎక్కువకాలము వాడినవారి ముఖము ఉబ్బెను, ఎముకలు పెళుసుబారెను; కొందరిలో అణగియున్న క్షయ రాజుకొనెను. వాపు తగ్గించు మందే రక్షణను కూడ తగ్గించుచున్నది! మరి రోగమువేళనే దేహము దానిని అధికముగ స్రవింపజేయుట యెందులకు?

1951లో మారియస్ టౌస్క్ చక్కని ఉపమానము చెప్పెను. ఇల్లు అంటుకొన్నప్పుడు మంటలార్పువారు కుమ్మరించు నీటివలన గూడ ఇంటికి నష్టమే. ఈ హార్మోను ఆ నీటినుండి ఇంటిని కాపాడును. ఆ మాట నాడు పెద్దగా ఎవరికిని పట్టలేదు. 1984లో అలన్ మంక్ ప్రభృతులు దానినే సిద్ధాంతముగ నిలబెట్టిరి. తెల్లకణములు క్రిమిని చూచి విడుచు రసాయనములు మితిమీరినచో రక్తనాళములు కారును, రక్తపుపోటు పడిపోవును. ఆ రసాయనములే మెదడునకు వార్త చేర్చును. మెదడు పిట్యూటరీ గ్రంథిద్వారా అడ్రినల్‌ను హెచ్చరించును. అడ్రినల్ కార్టిసాల్‌ను వదలి తెల్లకణములను శాంతింపజేయును.

2020లో కోవిడ్ రోగులపై బ్రిటనులో జరిగిన పరీక్షయందు ఇది రుజువైనది. దినమునకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్ ఇచ్చినప్పుడు, శ్వాసయంత్రముపై నున్నవారి మరణములు సుమారు మూడవవంతు తగ్గెను. ప్రాణవాయువు అవసరము లేనివారికి మాత్రము లాభము కలుగలేదు. మంట ముదరనిచోట దానిని చల్లార్చు మందునకు పనియేమి? మరియు ఈ మాత్రలను చిరకాలము మ్రింగినవారి స్వంతగ్రంథులు నిద్రపోవును. అట్టివారు వైద్యుని అడుగక ఒక్కసారిగ మందు మానినచో, చిన్న జ్వరమునకే అడిసన్ రోగులవలె కూలిపోవచ్చును.