సోవియట్ సైనిక డైవింగ్ గడియారాల ప్రామాణికత

సోవియట్ సైనిక డైవింగ్ గడియారాలు అనగా సోవియట్ యూనియన్ (1922–1991) లో నీటి అడుగున పనిచేసే నావికులు, గజ ఈతగాళ్ళ అవసరాలను దృష్టిలో ఉంచుకొని తయారు చేసిన చేతి గడియారాలు. జ్లతౌస్త్ కర్మాగారపు పెద్ద డైవింగ్ గడియారం, చిస్తోపోల్ కర్మాగారపు "ఆంఫిబియా" వీటిలో ముఖ్యమైనవి. పాత వస్తువులు సేకరించేవారిలో వీటికి గిరాకీ ఉన్నందున నకిలీలు, వేర్వేరు గడియారాల భాగాలతో కూర్చినవి కూడా అసలైనవిగా అమ్ముడవుతుంటాయి. ఏ ఒక్క గుర్తునో చూసి వీటి ప్రామాణికతను నిర్ణయించలేము. భాగాలన్నీ ఒకే కాలానికి, ఒకే నమూనాకు చెందినవా అన్నదే ప్రధానమైన పరీక్ష.

చరిత్ర

రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మను సేనలు మాస్కోను సమీపించినప్పుడు, 1941లో, అక్కడి గడియారాల కర్మాగారాల యంత్రసామగ్రిని తూర్పు ప్రాంతాలకు తరలించారు. మొదటి మాస్కో కర్మాగారపు సామగ్రి యూరల్ పర్వత ప్రాంతంలోని జ్లతౌస్త్‌కు, రెండవ దాని సామగ్రి కామా నది ఒడ్డున, తతారిస్తాన్‌లో ఉన్న చిస్తోపోల్‌కు చేరాయి. చిస్తోపోల్ గడియారాలు తరువాతి కాలంలో "వోస్టోక్" (తూర్పు అని అర్థం) పేరుతో ప్రసిద్ధి చెందాయి. 200 మీటర్ల లోతు వరకు నీటిని తట్టుకొనే ఆంఫిబియాను 1967లో రూపొందించారు. దీని రూపకర్తలు మిఖాయిల్ నోవికోవ్, వేరా బెలోవా.

నిర్మాణ లక్షణాలు

ఆంఫిబియాలో నీటి ఒత్తిడే నీటిని అడ్డుకొనేందుకు తోడ్పడుతుంది. దళసరి యాక్రిలిక్ అద్దం ఒత్తిడికి స్వల్పంగా వంగి కేసు అంచుకు మరింత బిగుస్తుంది. వెనుక మూత రెండు భాగాలుగా ఉంటుంది. మర ఉన్న వలయాన్ని బిగించినప్పుడు లోపలి పళ్ళెం తిరగదు. నేరుగా వెడల్పైన రబ్బరు వాషరుపై నొక్కుకుంటుంది. లోతు పెరిగేకొద్దీ ఈ పట్టు ఎక్కువవుతుంది. కీ ఇచ్చే పిడిని మర విప్పినప్పుడు అది వదులుగా ఊగుతుంది. కొత్తగా చూసేవారు దీనిని లోపమని పొరబడతారు గాని, అది ఈ గడియారపు సహజ లక్షణం.

జ్లతౌస్త్ గడియారం వ్యాసం సుమారు 60 మిల్లీమీటర్లు. కీ పిడిపై మరతో బిగించే మూత, అది జారిపోకుండా చిన్న గొలుసు ఉంటాయి. లోపల ఉండేది జేబు గడియారాల పరిమాణం గల యంత్రం.

పరిశీలించవలసిన అంశాలు

యంత్రం సంఖ్య: సోవియట్ యంత్రాల నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండంకెలు యంత్రపు వ్యాసాన్ని మిల్లీమీటర్లలోను, చివరి రెండు దాని రకాన్ని తెలుపుతాయి. 09 అనగా మధ్యలో సెకన్ల ముల్లు, తేదీ లేదు. 14 అనగా తేదీ ఉన్నది. 16 అనగా తేదీతో పాటు తనంతట కీ తిరిగే ఏర్పాటు ఉన్నది. తొలి ఆంఫిబియాలలో 2209, తరువాతి వాటిలో 2409, 2414, 2416 యంత్రాలు కనిపిస్తాయి. తేదీ గడి గల డయలు క్రింద 2409 యంత్రం ఉంటే ఆ రెండూ ఒక గడియారానివి కావు. 2409లో 17 రాళ్ళు, 2416బిలో 31 రాళ్ళు ఉంటాయి. డయలుపై రాళ్ళ సంఖ్య వ్రాసి ఉంటే అది యంత్రంతో సరిపోవలెను.

డయలుపై వ్రాత: సోవియట్ కాలపు డయళ్ళ అడుగున "సోవియట్ యూనియన్‌లో తయారైనది" అన్న రష్యను వాక్యం తరచుగా కనిపిస్తుంది. అందులోని దేశనామపు నాలుగక్షరాలు ఇంగ్లీషు చదువరికి "సి.సి.సి.పి." వలె తోస్తాయి. "రష్యాలో తయారైనది" అని ఉంటే అది 1991 తరువాతిది. ఐదు కోణాల రాజ్య నాణ్యతా చిహ్నం 1967లో ప్రవేశపెట్టబడింది. అంతకు ముందుదని చెప్పే గడియారంపై అది ఉండరాదు.

చీకటిలో మెరిసే పూత: డయలుపైన, ముళ్ళపైన ఉన్న పూత రంగు ఒకే తీరుగా మాగి ఉండవలెను. అంకెలు గోధుమ వన్నెకు మారి, ముళ్ళు తెల్లగా మెరుస్తుంటే ముళ్ళు మార్చి ఉంటారు.

"సైనిక" అన్న మాట

కొన్ని వోస్టోక్ డయళ్ళపై "జకాజ్ ఎం.ఓ." అనే అక్షరాలు ఉంటాయి. రక్షణ మంత్రిత్వ శాఖ ఉత్తర్వుపై తయారైనదని వీటి అర్థం. ఇటువంటి గడియారాలు సైనిక దుకాణాలలో అమ్ముడయ్యేవి. కనుక ఈ అక్షరాలు ఆ గడియారం ఫలానా గజ ఈతగాని చేతికి ఉన్నదని నిరూపించవు. ఆంఫిబియాను సాధారణ పౌరులు కూడా కొనుక్కొనేవారు. జలాంతర్గామి, టాంకు, నక్షత్రం వంటి బొమ్మలు అలంకారాలే గాని సైనిక సేవకు సాక్ష్యాలు కావు. విక్రేత చెప్పే కథ ఎంత ఆసక్తికరమైనదైనా, దానికి పత్రాల ఆధారం లేనప్పుడు ధర గడియారానికే గాని కథకు చెల్లించరాదు.

పునర్నిర్మాణాలు

1991 తరువాత కూడా చిస్తోపోల్‌లో ఆంఫిబియా తయారీ కొనసాగింది. పలు నమూనాల భాగాలు ఒకదానికొకటి అమరుతాయి గనుక పాత డయలును కొత్త కేసులో పెట్టడం కష్టం కాదు. జ్లతౌస్త్ గడియారపు రూపంలో కూడా 21వ శతాబ్దంలో కొత్తవి తయారయ్యాయి. కొత్తవని చెప్పి అమ్మితే అందులో దోషం లేదు. పాతవని చెప్పి అమ్మడమే మోసం.

జాగ్రత్తలు

పాత జ్లతౌస్త్ గడియారాల పూతలో రేడియం ఉంటుంది. రేడియం-226 అర్ధాయువు సుమారు 1,600 సంవత్సరాలు. వెలుగునిచ్చే జింకు సల్ఫైడు కొన్నేళ్ళకే క్షీణిస్తుంది గనుక, మెరుపు పోయినంత మాత్రాన రేడియోధార్మికత పోయినట్లు కాదు. పొడిగా రాలిన పూత ఊపిరితోగాని, నోటి ద్వారాగాని శరీరంలోకి ప్రవేశిస్తే అపాయం. ప్రామాణికతను పరీక్షించే నెపంతో ఇటువంటి గడియారాన్ని ఇంటిలో విప్పడం, పూతను గీకడం తగదు. అలాగే గడియారం అసలైనదని తేలినా, దశాబ్దాల నాటి రబ్బరు గట్టిపడి ఉంటుంది. వాషర్లు మార్పించి, ఒత్తిడి పరీక్ష చేయించనిదే దానిని ధరించి నీటిలో దిగరాదు.