చీరాల ఆకాశంలో 1868 గ్రహణం: చరిత్ర పరిశోధనలో ప్లానిటేరియం సాఫ్ట్‌వేర్

వ్యాససంగ్రహం:
శాసనాల్లోనూ గ్రంథాల్లోనూ కనిపించే గ్రహణ, నక్షత్ర, తిథి ప్రస్తావనలను సరిచూసుకోవడానికి స్టెల్లేరియం వంటి ప్లానిటేరియం సాఫ్ట్‌వేర్ నేడు పరిశోధకులకు ఉచితంగా అందుబాటులో ఉంది. అయితే అది మొదట తెరమీద చూపే ఆకాశం మన మూలాల్లోని ఆకాశం కాదు. స్థలం, గడియారం, పంచాంగం, నక్షత్రనామాలు అనే నాలుగింటినీ పరిశోధకుడే సరిదిద్దుకోవాలి. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చీరాల నుంచి పునర్నిర్మిస్తూ ఈ పద్ధతి బలాన్నీ హద్దులనూ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నక్షత్రపటం, స్టెల్లేరియం, సూర్యగ్రహణం, చీరాల, కార్తెలు, శాసనాల కాలనిర్ణయం, జానపద నక్షత్రనామాలు

1. ప్రవేశిక

1868 ఆగస్టు 18, మంగళవారం. విభవ నామ సంవత్సర శ్రావణ బహుళ అమావాస్య. ఆ ఉదయం సుమారు తొమ్మిది గంటల వేళ బీజాపూరు నుంచి మచిలీపట్నం దాకా ఒక వెడల్పాటి పట్టీలో పట్టపగలే చీకటి పడింది. ఆ చీకటి కోసమే ఫ్రాన్స్ నుంచి పియరీ జూల్ జాన్సెన్ గుంటూరు వచ్చి ఒక ఫ్రెంచి వర్తకుని ఇంట తన పరికరాలు అమర్చుకున్నాడు. మేజర్ టెనెంట్ నాయకత్వంలో మరో బృందం అదే ఊళ్లో విడిది చేసింది. మద్రాసు నక్షత్రశాల అధిపతి నార్మన్ పాగ్‌సన్ మచిలీపట్నంలోనూ, ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి నిజాం రాజ్యంలోని వనపర్తిలోనూ ఉన్నారు. ఖగోళ భౌతికశాస్త్ర చరిత్ర రాసేవారెవరూ ఆ రోజును విడిచిపెట్టలేరు.

చీరాల కూడా ఆ పట్టీలోనే ఉంది. గుంటూరుకు దక్షిణంగా ఉండటం వల్ల ఇక్కడ చీకటి నిలిచిన సమయం కొంచెం తక్కువ. అంతకుమించి తేడా లేదు. అయినా పరిశీలకులు దిగిన ఊళ్ల జాబితాలో చీరాల పేరు లేదు. గ్రహణం గురించి మనకు దక్కిన వివరమైన కథనాలన్నీ దాదాపుగా దుర్భిణులతో వచ్చినవారివే. మగ్గం ముందు కూర్చున్నవారూ, వాడరేవు ఒడ్డున తెప్పలు లాగుతున్నవారూ ఏమి చూసి ఉంటారో వాటిలో వెతకడం వృథా. వారి మాటలను తిరిగి తెచ్చుకోలేం. వారి తలమీది ఆకాశాన్నయినా తెచ్చుకోగలమా? ఈ వ్యాసానికి ఆ ప్రశ్నే మూలం.

2. స్థలమూ, గడియారమూ

స్టెల్లేరియం పనిని 2000లో ఫాబియన్ షెరో అనే ఫ్రెంచి ప్రోగ్రామర్ మొదలుపెట్టాడు. దీని మూలసంకేతం అందరికీ తెరిచే ఉంటుంది కనుక ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. స్థలాన్నీ తేదీనీ ఇస్తే ఆ క్షణాన ఆ చోటి నుంచి కనబడే ఆకాశాన్ని తెరమీద చూపుతుంది. గణితం రానివారు కూడా వాడుకోగలగడం దీని గుణం. సరిగ్గా అందువల్లనే, వెనుక ఏ అంచనాలు పనిచేస్తున్నాయో గమనించకుండా ఫలితాన్ని నమ్మే ప్రమాదమూ ఉంది.

మొదట స్థలం. చీరాల అక్షాంశం ఉత్తరాన 15.8 డిగ్రీలు, రేఖాంశం తూర్పున 80.35 డిగ్రీలు. ధ్రువనక్షత్రం ఇక్కడ క్షితిజానికి 16 డిగ్రీల లోపు ఎత్తులోనే నిలుస్తుంది. అగస్త్యుడు దక్షిణాన 21 డిగ్రీల పైదాకా లేస్తాడు. సాఫ్ట్‌వేర్ తనంతట తాను చూపే పచ్చికబయలును తీసివేసి, తూర్పు, ఆగ్నేయ దిశల్లో అడ్డులేని సముద్రరేఖను అమర్చుకుంటే అది వాడరేవు క్షితిజమవుతుంది. ఏ చుక్క ఎప్పుడు నీటిమీదికి వస్తుందన్నది జాలరికి కావలసిన లెక్క. కొండలూ చెట్లూ ఉన్న క్షితిజం మీద ఆ లెక్క తప్పుతుంది.

జిల్లా పేరు మాత్రం ఆకాశానికి అక్కరలేదు. పరిశోధకునికి కావాలి. గ్రహణం నాటికి ఈ ప్రాంతం కృష్ణా జిల్లాలో ఉంది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడింది. 1970లో చీరాల ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాలోకి వెళ్లింది, దానికే తర్వాత ప్రకాశం పేరు వచ్చింది. 2022 నుంచి బాపట్ల జిల్లా. 1868 నాటి చీరాల కాగితాలను ప్రకాశం జిల్లా పేరు మీద వెతికే విద్యార్థులకు ఈ సంగతి ముందుగా చెప్పవలసి వస్తోంది.

గడియారం మరింత చిక్కు. భారత ప్రామాణిక కాలం 1906 జనవరి 1న అమలులోకి వచ్చింది. అది 82.5 డిగ్రీల రేఖాంశం మీద ఆధారపడింది కనుక చీరాల స్థానిక కాలం దానికంటే ఎనిమిదిన్నర నిమిషాలు వెనుక ఉంటుంది. 1868 నాటి సంఘటనకు ప్రామాణిక కాలాన్ని వాడటం పొరపాటు. స్థలాన్ని ఎంచుకునే చోటనే స్థానిక సౌరకాలాన్ని ఎంచుకునే వీలు స్టెల్లేరియంలో ఉంది. ఇక్కడ చీరాలకు ఒక అనుకూలత కూడా కలిసొచ్చింది. మద్రాసూ చీరాలా దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. రెండింటి స్థానిక కాలాల మధ్య తేడా అర నిమిషం కూడా లేదు. కాబట్టి మద్రాసు కాలంలో నమోదైన ఆనాటి సమయాలను చీరాల సమయాలుగానే చదువుకోవచ్చు. బళ్లారి మీదో విశాఖపట్నం మీదో పనిచేసేవారికి ఈ సౌకర్యం లేదు.

3. తెలిసిన తేదీతో పరీక్ష

ఏ పనిముట్టునైనా తెలిసినదాని మీద పరీక్షించి తర్వాత తెలియనిదాని మీద ప్రయోగించాలి. తెలుగు సాహిత్య విద్యార్థులందరికీ పరిచయమైన తేదీ ఒకటుంది. కోరుమిల్లి తామ్రశాసనం రాజరాజనరేంద్రుని పట్టాభిషేకాన్ని శక సంవత్సరం 944లో, సూర్యుడు సింహరాశిలో ఉండగా, బహుళ విదియ, గురువారం, ఉత్తరాభాద్ర నక్షత్రంలో జరిగినట్లు చెబుతుంది. చరిత్రకారులు దాన్ని 1022 ఆగస్టు 16గా నిర్ణయించారు.

రాజమహేంద్రవరాన్ని స్థలంగా పెట్టి ఆ తేదీ ఇస్తే, పున్నమి దాటిన చంద్రుడు రాత్రి తూర్పున పెగాసస్ చతురస్రానికి దిగువన కనిపిస్తాడు. పూర్వాభాద్ర, ఉత్తరాభాద్రల చోటు అదే. సూర్యుడు సింహంలోనే ఉన్నాడు. వారం గురువారమే. శాసనకర్త రాయించిన ఐదు వివరాలూ ఒకదానికొకటి సరిపోతున్నాయి.

అయితే ఇది సరిపోవడానికి ఒక షరతు ఉంది. 1582కు ముందు తేదీలను స్టెల్లేరియం జూలియన్ పంచాంగంలో తీసుకుంటుంది. చరిత్రకారులు ఇచ్చే 1022 ఆగస్టు 16 కూడా జూలియన్ తేదీయే. కొన్ని ఇతర గణన పరికరాలు నేటి గ్రెగోరియన్ పద్ధతినే వెనక్కి పొడిగిస్తాయి. అటువంటి దానిలో అదే తేదీని వేస్తే ఆరు రోజుల తేడా వచ్చి, శుక్లపక్షపు శుక్రవారం ఎదురవుతుంది. అప్పుడు శాసనం కూటమని అనుమానించే అవకాశం లేకపోలేదు. తప్పు శాసనానిదా, పెట్టెలో తేదీ వేసిన చేతిదా అని ముందు చూసుకోవాలి. భూభ్రమణ వేగంలో వచ్చిన మార్పు వల్ల పదకొండో శతాబ్దికి ఇరవై నిమిషాలకు పైగా సవరణ అవసరమవుతుంది. దాన్ని సాఫ్ట్‌వేర్ తానే చేస్తుంది. తిథికి ఆ సవరణ పెద్దగా పట్టదు కాని, ఒక గ్రహణం ఏ ఊళ్లో సంపూర్ణమో తేల్చేటప్పుడు దానిమీదే అంతా ఆధారపడుతుంది.

4. ఆ ఐదు నిమిషాలు

ఇప్పుడు చీరాలకు రావచ్చు. 1868 ఆగస్టు 18 ఉదయం కాలాన్ని మెల్లగా ముందుకు జరిపితే సూర్యుడు సముద్రం మీద పైకి వచ్చి తూర్పు ఆకాశంలో సగం ఎత్తుకు, సుమారు 45 డిగ్రీలకు చేరిన వేళ చంద్రబింబం అతన్ని పూర్తిగా కప్పివేస్తుంది. చీకటి పడగానే కనబడవలసినవి కొన్ని ఉన్నాయి. సూర్యునికి మూడు డిగ్రీల లోపు దూరంలో మఖా నక్షత్రం. మిథునరాశిలో, నడినెత్తికి దగ్గరగా, మిక్కిలి కాంతితో శుక్రుడు. ఆ రోజుల్లో శుక్రుడు తెల్లవారుజామున తూర్పున వెలిగే వేగుచుక్క. జాలరి ఆ తెల్లవారుజామున చూసిన చుక్కే కొన్ని గంటల తర్వాత, తొమ్మిది గంటల పగటిలో, తలమీద మళ్లీ ప్రత్యక్షమైందన్నమాట. జాన్సెన్ కన్ను వర్ణపటదర్శినికి ఆనించి ఉంది. పనిముట్లు లేని కంటికి మిగిలిన ఆకాశమంతా తెరుచుకొని ఉంది.

ఇక్కడే సాఫ్ట్‌వేర్ హద్దులను గుర్తించాలి. మొదటిది, మబ్బు. తెరమీది ఆకాశం ఎప్పుడూ నిర్మలం. శ్రావణమాసం మాత్రం వానల కాలం. చీరాల మీద ఆ క్షణాన మబ్బు ఉందో లేదో ఏ గణనా చెప్పదు. కాబట్టి ‘చీరాల ప్రజలు శుక్రుణ్ణి చూశారు’ అని రాయకూడదు. ‘ఆకాశం తేటగా ఉంటే శుక్రుడు కనిపించే స్థానంలో ఉన్నాడు’ అని మాత్రమే రాయగలం. ఈ రెండు వాక్యాల మధ్య దూరాన్ని పాటించని వ్యాసాలు ఈ మధ్య ఎక్కువవుతున్నాయి.

రెండవది, ఆవిష్కరణ చరిత్ర. గుంటూరులో జాన్సెన్ హీలియంను కనుగొన్నాడని మన పాఠ్యపుస్తకాలూ పత్రికలూ తరచుగా రాస్తాయి. జరిగింది అంత సూటిగా లేదు. సౌరజ్వాలల వర్ణపటంలో హైడ్రోజన్ గీతలు ఎంతో ప్రకాశంగా కనబడటంతో, గ్రహణం లేకుండానే వాటిని చూడవచ్చని జాన్సెన్‌కు తోచింది. మరునాడే చూశాడు. గుంటూరు ఘనత అది. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అదే పద్ధతిని స్వతంత్రంగా సాధించి అక్టోబరు 20న జ్వాలలను చూశాడు. ఇద్దరి సమాచారమూ పారిస్ అకాడమీలో ఒకే రోజున, అక్టోబరు 26న వినిపించారు. గ్రహణంలో పసుపు గీతను పాగ్‌సన్‌తో సహా పలువురు గమనించారు. దాన్ని సోడియం గీతగానే ఎక్కువమంది తలచారు. అది కొత్త మూలకానిదని వాదించినవాడు లాకియర్. భూమిమీద హీలియం దొరికింది 1895లో, విలియం రామ్సే ప్రయోగశాలలో. స్థానికాభిమానంతో ఒక పేరాను పెంచడం తేలిక. గుంటూరుకు నిజంగా చెందిన ఘనతే చిన్నది కానప్పుడు ఆ అవసరం ఏముంది?

ఆ చీకటి పట్టీ తూర్పుకు సాగి సయాం చేరింది. అక్కడ మోంగ్‌కుట్ రాజు తానే గణించిన గ్రహణాన్ని అతిథులతో కలిసి చూశాడు. ఆ ప్రయాణంలో సోకిన జ్వరంతో అక్టోబరు 1న మరణించాడు.

5. కార్తె జరిగిపోతోంది

గ్రహణం నాడు సూర్యుడు మఖలో ఉన్నాడు, అంటే అది మఖ కార్తె. నేటికీ ఆగస్టు 18 మఖ కార్తెలోనే పడుతుంది. నూటయాభై ఏళ్లలో తేడా రెండు రోజులకు కొంచెం మించుతుంది కనుక పైకి ఏమీ మారినట్లుండదు. ఇప్పుడు రాజరాజు పట్టాభిషేకం నాటికి వెళ్దాం. ఆ రోజును నేటి గ్రెగోరియన్ లెక్కలోకి మారిస్తే ఆగస్టు 22. ఈనాడు ఆగస్టు 22 మఖ కార్తె. 1022లో అదే రుతుస్థానంలో సూర్యుడు అప్పటికే పుబ్బ కార్తె నడుమకు చేరి ఉన్నాడు.

దీనికి కారణం అయనచలనం. నక్షత్రాలను బట్టి లెక్కించే సంవత్సరం రుతువులను బట్టి లెక్కించేదానికంటే కొంచెం పొడవు. సుమారు 72 ఏళ్లకు ఒక రోజు, వెయ్యేళ్లకు పద్నాలుగు రోజులు, అంటే దాదాపు ఒక పూర్తి కార్తె. ఈనాడు జూన్ రెండో వారంలో మృగశిర ప్రవేశంతో తొలకరి కోసం ఎదురుచూసే గుంటూరు, ప్రకాశం రైతు, నన్నయ కాలంలో అయితే అదే వానకు ఆరుద్ర పేరు చెప్పి ఉండాలి. కార్తెల సామెతలు అతిప్రాచీనమని ముందుమాటల్లో రాసేస్తుంటాం. అవి నేటి వానలకు అచ్చంగా సరిపోతున్నాయంటే, ఒకటి అవి మరీ పాతవి కాకపోవాలి, లేదా జనం తరతరానికీ వాటిలో కార్తె పేరు సవరించుకుంటూ వచ్చి ఉండాలి. నా ఊహ రెండవదాని వైపు మొగ్గుతుంది. నిరూపించాలంటే తేదీ తెలిసిన పాత సేకరణలతో నేటి పాఠాలను పోల్చాలి.

6. పటం మీద ఎవరి పేర్లు?

స్టెల్లేరియం తెరవగానే కనిపించే బొమ్మలు గ్రీకు గాథలవి. భారతీయ నక్షత్రవ్యవస్థను ఎంచుకునే వీలుంది కాని అది ఇరవయ్యేడు నక్షత్రాల సంస్కృత పరిభాష. పిల్లలకోడి, మంచంకోళ్లు, గొల్లకావడి వంటి తెలుగు పేర్లు అందులో చోటుచేసుకోలేదు. గోండుల ఖగోళ పరిజ్ఞానంపై మయాంక్ వాహియా, గణేశ్ హల్కరేలు 2013లో ప్రచురించిన అధ్యయనంలో సప్తర్షి మండలం ఒక మంచం, దాన్ని ఎత్తుకుపోజూసే దొంగలు ముగ్గురు. తెలుగు మంచంకోళ్లకూ ఆ మంచానికీ సంబంధాన్ని భాషాశాస్త్ర, జానపద పరిశోధకులు కలిసి చూడవలసి ఉంది.

ఇటువంటి పేర్లతో సొంత పటం తయారుచేసుకోవడానికి స్టెల్లేరియం అవకాశమిస్తుంది. ప్రతి నక్షత్రాన్నీ హిప్పార్కస్ ఉపగ్రహం పట్టికలోని సంఖ్యతో గుర్తించి, వాటిని గీతలతో కలిపి, పేరును తెలుగు లిపిలోనే రాసుకోవచ్చు. పిల్లలకోడి గుంపులో ప్రకాశవంతమైన చుక్క సంఖ్య 17702. శ్రవణానిది 97649. కంప్యూటరు పని ఇంతే. అసలు శ్రమ పేరును సరైన చుక్కకు తగిలించడంలో ఉంది.

గొల్లకావడినే తీసుకుందాం. మూడు చుక్కలు వరుసగా ఉంటాయన్నది పేరులోనే ఉంది, నడుమ మనిషి, అటూ ఇటూ కుండలు. ఆకాశంలో అలాంటి వరుసలు కనీసం రెండున్నాయి. ఒకటి మృగశిర దగ్గర ఒరాయన్ నడుం పట్టీలోని మూడు చుక్కలు, రెండవది శ్రవణమూ దాని ఇరుపక్కల చుక్కలూ. కాగితం మీద అడిగితే చెప్పేవారు రెండింటికీ తలూపుతారు. వాడరేవు క్షితిజంతో సిద్ధం చేసుకున్న పటాన్ని ముందు పెట్టి, ‘ఇది పొద్దుగూకేసరికి సముద్రం మీదికి వచ్చేది ఏ నెలలో?’ అని అడిగితే జవాబు వేరుగా వస్తుంది. శ్రవణం వరుస వానాకాలం మొదట్లో సాయంత్రం తూర్పున లేస్తుంది. ఒరాయన్ వరుస సాయంత్రం లేచేసరికి చలి మొదలవుతుంది. ఈ రెండింటి మధ్య దాదాపు ఐదు నెలల ఎడం. వేట కాలాన్ని బట్టి బతికినవారు ఆ ఎడాన్ని పొరబడరు.

సేకరణలో ఇంకొక జాగ్రత్త అవసరం. తెరమీద గీతలు ముందుగానే గీసి చూపితే చెప్పేవారు ఆ బొమ్మకే తమ పేరు పెడతారు. గీతలూ పేర్లూ రెండూ ఆపివేసి, వాతావరణపు మసకను ఉంచి, కంటికి ఆనే చుక్కలను మాత్రమే చూపాలి. వారు వేలితో ఏ చుక్కలను కలుపుతారో గమనించి తర్వాత సంఖ్యలు నమోదు చేసుకోవాలి. పడవల్లోకి జీపీఎస్ వచ్చాక చుక్కలను చూసి దారి పట్టవలసిన అవసరం తగ్గింది. ఈ పేర్లు తెలిసినవారు ఎక్కువగా వయసు పైబడినవారే. కార్తీకమాసంలో పొద్దుగూకగానే వాడరేవు ఎదుట నీటిమీద పిల్లలకోడి లేస్తుంది. సేకరణ మొదలుపెట్టదలచిన విద్యార్థులకు అది అనువైన నెల. అప్పటికి వానలు వెనకపట్టిన రాత్రి చూసుకొని ఒడ్డుకు వెళితే, తెరమీది చుక్కనూ సముద్రం మీది చుక్కనూ ఒకేచోట నిలబడి సరిచూసుకోవచ్చు.