గోదావరి పెరటి కోళ్లు: జాతి కోడి నుంచి బ్రహ్మ కోడి దాకా

మన దేశంలోని రెండు ముఖ్యమైన అడవికోడి జాతులకు గోదావరి నది ఇంచుమించు సరిహద్దు. నదికి ఉత్తరాన, ఈశాన్యాన ఎర్ర అడవికోడి, దక్షిణాన బూడిదరంగు అడవికోడి తిరుగుతాయి. రాజమహేంద్రవరానికి ఎగువన పాపికొండల వైపు ఈ రెండింటి నెలవులు దగ్గరపడతాయి. ఇంటి కోడికి మూలం ప్రధానంగా ఎర్ర అడవికోడే. అయితే చాలా నాటుకోళ్లకు ఉండే పసుపు చర్మం, పసుపు కాళ్లు బూడిద అడవికోడి నుంచి సంక్రమించాయని 2008లో వెలువడిన జన్యు పరిశోధన తేల్చింది. మచ్చికైన కోళ్ల ఎముకల్లో ఇప్పటికి అతి పాతవిగా గుర్తించినవి థాయ్‌లాండ్‌లోని బాన్ నాన్ వాట్‌లో దొరికాయి. వాటి కాలం క్రీ.పూ. 1650-1250. వరి, చిరుధాన్యాల గింజలకు ఆశపడి అడవికోళ్లు ఊళ్ల చెంతకు చేరాయన్నది 2022లో ఆ కాలాన్ని నిర్ణయించిన పరిశోధకుల వాదన. కళ్లాల చుట్టూ కోళ్లు మేసే డెల్టా వారికి ఆ మాట నమ్మదగ్గదిగానే తోస్తుంది.

తెలుగు నాట కోడిని గుడ్డు కోసమో మాంసం కోసమో మాత్రమే పెంచలేదు. వినుకొండ వల్లభరాయుడి పేర ప్రసిద్ధమైన ‘క్రీడాభిరామం’ ఓరుగల్లులో జరిగిన కోడిపందేన్ని వర్ణించింది. పలనాటి వీరుల కథలో రాజ్యమే పందెంలో పోయింది. పుంజు రంగునూ, వారాన్నీ, నక్షత్రాన్నీ ముడిపెట్టి జయాపజయాలు చెప్పే కుక్కుట శాస్త్రం ఈనాటికీ సంక్రాంతి ముందు చేతులు మారుతుంది. అందులోని జోస్యానికి ఆధారమేమీ లేదు. కానీ దాని రంగుల పట్టికను కొట్టిపారేయకూడదు. ఎర్ర ఈకలది డేగ, నల్లది కాకి, తెల్లది సేతువ, వీపున రెక్కల మీద పసుపు ఉన్నది నెమలి, మెడన నలుపు తెలుపు సమంగా కలిసినది పర్ల, లేత బంగారు ఛాయది అబ్రాసు. ఇవిగాక మైల, కౌజు, పింగళ వంటివి మరెన్నో. ఈకల తేడాను ఇంత సూక్ష్మంగా గమనించి పేరు పెట్టినవారు జతలు కలపడంలోనూ అంత శ్రద్ధ చూపినవారే.

ఆ శ్రద్ధకు ఫలితం అసిల్. గోదావరి పల్లెల్లో దీన్ని జాతి కోడి అంటారు. పొడవైన మెడ, నిటారైన నిలకడ, గట్టి కండ, నెత్తికి అణిగి ఉండే చిన్న జుట్టు దీని గుర్తులు. పశు జన్యు వనరుల జాతీయ సంస్థ దీన్ని ఆంధ్రప్రదేశ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాల జాతిగా నమోదు చేసింది. గుడ్ల విషయంలో ఇది పేదది. ఏడాదికి నలభై, యాభై పెడితే గొప్ప. పొదగడంలో, పిల్లల్ని కాచుకోవడంలో మాత్రం దీనికి సాటి తక్కువ. గంపలో గడ్డి పరిచి పది పన్నెండు గుడ్లు పెట్టి పెట్టను పొదగేస్తే ఇరవై ఒకటో రోజుకు పిల్లలు బయటికొస్తాయి. మొదట నూకలు, తర్వాత తవుడు, చోళ్లు, గంట్లు మేత. గద్ద, ముంగిస భయం తీరేదాకా పిల్లల్ని గంప కింద మూస్తారు.

జాతి నిలిచిన కీలకం పెట్ట దగ్గర ఉంది. పందెంలో పేరు పుంజుకే వచ్చినా, పెంపకందారులు ఫలానా పెట్ట సంతతి అనే వంశాన్ని లెక్కపెడతారు. మేలైన పెట్టను, దాని గుడ్డును బయటివారికి ఇవ్వడానికి ఇష్టపడరు. పూర్వపు తూర్పు గోదావరి జిల్లా మన్యంలో మరో పద్ధతి ఉంది: పెట్టను వాటాకు ఇస్తారు, ఎదిగిన పిల్లల్ని ఇచ్చినవారూ సాకినవారూ పంచుకుంటారు. చేతిలో డబ్బు లేని ఆడవాళ్లకు కోళ్లు సమకూరే దారి అది. ఆ ప్రాంతంలో అసిల్ మీద పనిచేసిన ఆంత్ర అనే స్వచ్ఛంద సంస్థ టీకాలతో పాటు ఈ వాటా పద్ధతినీ తిరిగి బలపరిచింది. కాగితం మీద వంశావళి లేకుండానే ఇన్ని తరాలు జాతి నిలబడడం చిన్న విషయం కాదు.

ఇదే రక్తం సముద్రం దాటి వెళ్లింది. 19వ శతాబ్దం తొలినాళ్లలో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో భారత అసిల్‌ను స్థానిక పందెం కోళ్లతో, మలయా కోళ్లతో కలిపి ఇండియన్ గేమ్ అనే జాతిని తీశారు. తర్వాత కార్నిష్‌గా పేరు మారిన ఆ కోడి నేటి బ్రాయిలర్‌కు తండ్రి వైపు మూలం. బ్రహ్మ కోడిదీ దాదాపు ఇలాంటి కథే. 1840లలో షాంఘై రేవు నుంచి అమెరికా చేరిన కాళ్లకు ఈకలున్న భారీ కోళ్లు, చిట్టగాంగ్ ప్రాంతపు కోళ్లు కలిసి ఈ జాతి ఏర్పడిందని చరిత్రకారులు చెబుతారు. బ్రహ్మపుత్ర పేరే కురచై బ్రహ్మ అయింది. 1852లో జార్జ్ బర్న్‌హామ్ అనే అమెరికన్ వర్తకుడు విక్టోరియా రాణికి తొమ్మిది కోళ్లను కానుకగా పంపాక గిరాకీ విపరీతంగా పెరిగింది. 1874లో లైట్, డార్క్ రకాలకు అమెరికా ప్రమాణ గ్రంథంలో చోటు దక్కింది; బఫ్ రకానికి 1924 దాకా ఆగాల్సి వచ్చింది. ప్రమాణం ప్రకారం ఎదిగిన పుంజు ఐదున్నర కిలోలు, పెట్ట నాలుగు కిలోల పైచిలుకు తూగాలి. అసిల్‌కు ఉన్న అణిగిన జుట్టే బ్రహ్మకూ ఉండడం దాని తూర్పు చుట్టరికానికి ఆనవాలు.

ఇక మన డెల్టాలో 1970ల తర్వాత కోళ్ల ఫారాలు విస్తరించాయి. అనపర్తి, తణుకు గుడ్ల ఎగుమతికి పేరుపడ్డాయి. పెరటి కోడి వెనుకబడింది. 1988లో హైదరాబాద్‌లో ఏర్పడిన కోళ్ల పరిశోధనా సంస్థ పెరటి కోసం వనరాజా, గ్రామప్రియ రకాలను రూపొందించింది.

ఇటీవల అలంకారపు కోళ్ల మీద మోజుతో బ్రహ్మ మన పెరళ్లలోకీ వచ్చింది. చలి దేశాల్లో దిద్దిన ఒళ్లు అది. డెల్టా వేసవి ఉక్కకు తట్టుకోవడం కష్టం. మధ్యాహ్నం నీడ, గాలి, చల్లని నీరు తప్పనిసరి. వర్షాకాలంలో కాళ్ల ఈకలకు బురద గట్టిపడి పుండ్లు పడతాయి, పేలు చేరతాయి. పొడి ఇసుక, వరి ఊక పరిచిన నేల దీనికి మేలు. ఎత్తు నుంచి దూకితే పాదాలు దెబ్బతింటాయి కనుక వాలే కర్రను నేలకు దగ్గరగా కట్టాలి. పెట్ట పొదుగుతుంది గాని బరువుకు గుడ్లు నలుగుతాయి. వాటిని నాటుపెట్ట కింద పెట్టడం మంచి ఉపాయం. ఎదగడానికీ నాటుకోడి కంటే ఎక్కువ కాలం తీసుకుంటుంది. గుడ్లు పొదగడానికి తీసే రోజుల్లో పుంజుకు నాలుగైదు పెట్టలకు మించకుండా వేరే దొడ్డిలో ఉంచాలి. అసిల్ పుంజు బ్రహ్మ పెట్టలతో కలిస్తే పుట్టే పిల్లలు కాళ్లకు అరకొర ఈకలతో రెండు జాతులకూ చెందకుండా పోతాయి. జాతి కోడి ఉన్న ఇంట బ్రహ్మను కలిపి విడిచిపెట్టడం తగదు.

రెండింటికీ ఒకే శత్రువు తెగులు. కొక్కెర తెగులు సోకితే మంద మొత్తం ఊడ్చిపెట్టుకుపోతుంది. పిల్లలకు మొదటి వారంలో లసోటా, ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ టీకా వేయించాలి. తీవ్ర రకపు బర్డ్‌ఫ్లూకు మన దేశంలో టీకా రక్షణ వాడుకలో లేదు. 2025 ఫిబ్రవరిలో పెరవలి మండలం కానూరు అగ్రహారంలో, తణుకు మండలం వేల్పూరులో ఆ వ్యాధి నిర్ధారణ అయినప్పుడు కిలోమీటరు పరిధిని సోకిన ప్రాంతంగా ప్రకటించారు. అలాంటి పరిధిలో కోళ్లను చంపేటప్పుడు ఫారం కోడికీ పెరటి కోడికీ తేడా ఉండదు. అందుకే విలువైన పెట్ట వంశాన్ని ఒక్క పెరట్లోనే ఉంచక, దూరపు ఊళ్లోని నమ్మకస్తుల ఇంటా ఒక జతను సాకించడం పెంపకందారులు ఇప్పుడే చేయవలసిన పని.