సొంతవాళ్లను కాదన్నవాళ్లు

సాలూరు దాటి ఒడిశా వైపు ఘాట్ ఎక్కబోయే దారిలో ఉంటుంది పాచిపెంట. జాతాపులు, గదబలు, కొండదొరలు ఉండే ఈ మన్యం ఒకప్పుడు శ్రీకాకుళం సర్కారుకు పడమటి అంచు. ఆ సర్కారును ముందు గోల్కొండ, తర్వాత నిజాం ఏలారు.

ఏలినవాడు ముస్లిం అయినంత మాత్రాన ఏలుబడి ఇస్లాం చెప్పినట్టు సాగిందనుకోనక్కర్లేదు. శ్రీకాకుళంలోని జామియా మసీదును 1641లో గోల్కొండ ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించాడు. గుడి రాళ్లతో కట్టించాడని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే నిజమైతే అది ఖురాన్‌కే ఎదురు. మతంలో బలవంతం కూడదని రెండో అధ్యాయం చెబుతుంది. ఐదో అధ్యాయం అంతకంటే కష్టమైన పని పెడుతుంది: దౌర్జన్యంలో ఎవరికీ తోడు పోవద్దు, ఎవరి మీద ఎంత పగ ఉన్నా న్యాయం తప్పొద్దు. సాక్ష్యం చెప్పాల్సి వస్తే కన్నవాళ్లకు వ్యతిరేకంగానైనా చెప్పమంటుంది నాలుగోది. అన్యాయం చేస్తున్న సోదరుడికి సాయపడటమంటే వాడి చెయ్యి పట్టి ఆపడమేనని ప్రవక్త మాట (హదీసు).

ఖురాన్‌ను మొదట తెలుగు చేసినవారిగా పేరున్నది ఉత్తరాంధ్రలోనే పుట్టిన భాషాపండితుడు చిలుకూరి నారాయణరావుకు. అటు పిఠాపురంలో సూఫీ పీఠాధిపతి ఉమర్ అలీషా తెలుగు పద్యాలు రాశారు. విజయనగరం బాబామెట్ట దర్గాకు హిందువులూ వెళ్తారు. మనం సంబరంగా చెప్పుకునేవి ఇలాంటివే. చెప్పుకోవాల్సినవే కానీ, వీటికి ప్రాణాల మీదకు వచ్చే ధైర్యం అక్కర్లేదు.

అలాంటి ధైర్యం కావాల్సివచ్చింది నిజాం ఏలుతున్న హైదరాబాదులో షోయబుల్లా ఖాన్‌కు. ఉస్మానియాలో చదివి ఉర్దూ పత్రికల్లోకి వచ్చాడు. తాను పనిచేస్తున్న ‘రయ్యత్’ను నిజాం ప్రభుత్వం మూయిస్తే, 1947 నవంబరులో ‘ఇమ్రోజ్’ పెట్టాడు. నిజాం పాలనను నిలబెట్టాలని బయల్దేరిన సాయుధ దళం రజాకార్లు. వాళ్ల దౌర్జన్యాలను ఆ పత్రిక వదల్లేదు. రజాకార్లను రద్దు చేయాలని, హైదరాబాదును భారత్‌లో కలపాలని ఏడుగురు ముస్లిం ప్రముఖులు చేసిన ప్రకటననూ అచ్చేసింది. వ్యతిరేకంగా రాసే చేతులు తెగుతాయని రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ బెదిరించాడంటారు. 1948 ఆగస్టు 21 అర్ధరాత్రి, కాచిగూడలో ఆఫీసు నుంచి ఇంటికి నడిచి వస్తుంటే కాల్చారు, చెయ్యి నరికారు. తెల్లవారేసరికి చనిపోయాడు. అప్పటికి 27 ఏళ్లు. వెంట ఉన్న బావమరిది చెయ్యి కూడా తెగింది. చంపినవాళ్లు తాము ఇస్లాంను కాపాడుతున్నామనుకున్నారు. నా లెక్కలో ఆ రాత్రి ఐదో అధ్యాయం పక్షాన ఉన్నది చచ్చిపోయినవాడే.

నెల తిరక్కుండా భారత సైన్యం హైదరాబాదులోకి దిగిన ‘పోలీసు చర్య’ వచ్చింది, రజాకార్ల కథ ముగిసింది. ఆ వెంటనే మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో ముస్లింల మీద ఊచకోత సాగింది. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం మృతులు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని రాసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు బీరువాలోనే ఉండిపోయింది. అందులోనే ఇంకో సంగతి ఉంది: తమవాళ్లే దాడికి వస్తే, ముస్లిం సాలెవాళ్లకు హిందూ సాలెవాళ్లు అడ్డం నిలబడ్డారు. వాళ్లలో కొందరు ప్రాణాలూ పోగొట్టుకున్నారు.