వ్యక్తిగత కంప్యూటర్‌పై యూనిక్స్: హార్డ్‌వేర్ మద్దతు చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• డ్రైవర్ అంటే ఏమిటో, దాన్ని రాయడానికి ఏ సమాచారం కావాలో చెప్పగలుగుతారు.
• పీసీలపై ఓపెన్ సోర్స్ యూనిక్స్ తరహా వ్యవస్థలు ఎలా విస్తరించాయో వివరించగలుగుతారు.
• సాంకేతిక పత్రాల విషయంలో తయారీ సంస్థలకు, ప్రోగ్రామర్లకు మధ్య వచ్చిన వివాదాలను విశ్లేషించగలుగుతారు.

1. పరిచయం

తన కంప్యూటర్‌లో మొదటిసారి లినక్స్ వేసుకున్న విద్యార్థి తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నీ పనిచేస్తున్నాయి గానీ వై-ఫై రావడం లేదు, ఎందుకని?" ఈ ప్రశ్నకు జవాబు ఇంజినీరింగులో కొంత, చరిత్రలో చాలా ఉంది.

ఆపరేటింగ్ సిస్టమ్‌లో కీలకమైన భాగాన్ని కెర్నెల్ అంటారు. డిస్కు, నెట్‌వర్క్ కార్డు, ప్రింటర్ వంటి పరికరాలను నడపడానికి కెర్నెల్‌కు తోడుగా ఉండే ప్రోగ్రామ్‌లే డ్రైవర్లు. పరికరంలో రిజిస్టర్లు అనే చిన్న గడులు ఉంటాయి. ఏ గడిలో ఏ అంకె రాస్తే పరికరం ఏ పని చేస్తుందో తెలిస్తేనే డ్రైవర్ రాయడం సాధ్యం. ఆ వివరాలు తయారీదారు దగ్గరున్న సాంకేతిక పత్రాలలో ఉంటాయి. అందువల్ల హార్డ్‌వేర్ మద్దతు చరిత్ర ప్రోగ్రామర్ల నైపుణ్యానికి మాత్రమే సంబంధించినది కాదు. ఆ పత్రాలు ఎవరికి అందాయి, ఎవరికి అందలేదు అనేది కూడా అందులో భాగమే.

2. తెరిచి ఉంచిన యంత్రం

యూనిక్స్ 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో పుట్టింది. చాలాకాలం అది విశ్వవిద్యాలయాలు, పెద్ద సంస్థలు మాత్రమే కొనగలిగిన యంత్రాలపై నడిచింది. 1981 ఆగస్టులో ఐబీఎం సంస్థ పీసీని విడుదల చేసింది. దానితోపాటు సర్క్యూట్ చిత్రాలు, బయోస్ ప్రోగ్రామ్ పాఠం ఉన్న సాంకేతిక గ్రంథాన్ని కూడా అమ్మకానికి పెట్టింది. దీనివల్ల ఇతర సంస్థలు పీసీకి సరిపడే కార్డులు తయారు చేయగలిగాయి. క్రమంగా పీసీ ఏ ఒక్క సంస్థ అదుపులోనూ లేని యంత్రంగా మారింది.

అయితే మొదటి పీసీలోని 8088 ప్రాసెసర్‌కు మెమరీ రక్షణ లేదు. ఒక ప్రోగ్రామ్ మరొక ప్రోగ్రామ్ మెమరీలో చొరబడకుండా ఆపే ఏర్పాటు లేకపోతే యూనిక్స్‌ను పూర్తి స్థాయిలో నడపడం కష్టం. 1985లో ఇంటెల్ విడుదల చేసిన 80386 ప్రాసెసర్ ఈ లోటు తీర్చింది. అది 32 బిట్ల ప్రాసెసర్. మెమరీని పేజీలుగా విభజించి కాపాడగలదు. ఆ విధంగా సామాన్యుడు కొనగలిగే యంత్రంపై యూనిక్స్‌కు చోటు దొరికింది.

3. రెండు ఆరంభాలు

కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం తన యూనిక్స్ రూపాన్ని బీఎస్‌డీ పేరుతో అభివృద్ధి చేసింది. 1991లో వెలువడిన నెట్-2 విడుదలలో కెర్నెల్‌కు అవసరమైన ఆరు ఫైళ్లు లేవు. విలియం జోలిట్జ్, లిన్ జోలిట్జ్ దంపతులు ఆ లోటు పూరించి, 1992లో 386బీఎస్‌డీని విడుదల చేశారు. దాన్ని వాడినవారు సవరణలు పోగుచేస్తూ వచ్చారు. ఆ కృషి నుంచే 1993లో నెట్‌బీఎస్‌డీ, ఫ్రీబీఎస్‌డీ పుట్టాయి. మొదటిది వీలైనన్ని రకాల యంత్రాలపై నడవాలని కోరుకుంది. రెండవది ప్రధానంగా పీసీపై దృష్టి పెట్టింది.

ఇదే కాలంలో, 1991 ఆగస్టులో, ఫిన్లాండ్ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ తన కొత్త వ్యవస్థను ప్రకటించాడు. తన దగ్గర ఉన్నది ఏటీ తరహా హార్డ్‌డిస్కే కనుక, అది తప్ప మరో డిస్కుకు మద్దతు బహుశా ఎన్నటికీ ఉండకపోవచ్చని అప్పుడే చెప్పాడు. ఈ మాట గమనించదగినది. తొలి రోజుల్లో ఒక పరికరానికి మద్దతు ఉందంటే, ఆ పరికరం ఎవరో ఒక ప్రోగ్రామర్ బల్ల మీద ఉందని అర్థం. ప్రపంచం నలుమూలల నుంచి వాడుకదారులు చేరిన కొద్దీ బల్లలు పెరిగాయి, వాటితోపాటు డ్రైవర్లూ పెరిగాయి. ఉదాహరణకు, డొనాల్డ్ బెకర్ లినక్స్ కోసం అనేక ఈథర్‌నెట్ కార్డుల డ్రైవర్లు రాశాడు. 1994లో నాసాకు చెందిన గొడార్డ్ కేంద్రంలో అతడు, థామస్ స్టెర్లింగ్ కలిసి మామూలు పీసీ భాగాలతో బియోవుల్ఫ్ అనే సమాంతర కంప్యూటర్‌ను నిర్మించారు. మంచి డ్రైవర్లు, చౌక యంత్రాలు కలిస్తే ఏం సాధించవచ్చో అది చూపింది.

4. జంపర్ల నుంచి పీసీఐ వరకు

1990ల తొలినాళ్ల ఐఎస్ఏ కార్డులు తామెవరో చెప్పుకోలేవు. కార్డుకు ఏ పోర్టు చిరునామా, ఏ ఇంటరప్ట్ సంఖ్య ఇవ్వాలో చాలా కార్డుల్లో జంపర్లు మార్చి వాడుకదారే నిర్ణయించాలి. రెండు కార్డులకు ఒకే సంఖ్య పడితే రెండూ మొరాయించేవి. ఒక కార్డు ఉందో లేదో తెలుసుకోవడానికి కెర్నెల్ ఒక చిరునామాను తట్టి చూస్తే, అక్కడ ఉన్న మరో కార్డు బిగుసుకుపోయి యంత్రమే ఆగిపోయే ప్రమాదం ఉండేది.

1992లో ఇంటెల్ ప్రవేశపెట్టిన పీసీఐ పద్ధతి దీన్ని మార్చింది. ప్రతి పీసీఐ పరికరంలో తయారీదారును తెలిపే 16 బిట్ల సంఖ్య ఒకటి, నమూనాను తెలిపే 16 బిట్ల సంఖ్య మరొకటి ఉంటాయి. కెర్నెల్ వాటిని చదివి, తన పట్టికలో చూసి, తగిన డ్రైవర్‌ను జతచేస్తుంది. పరికరం పేరు తెలుసుకోవడం సులువైంది. కానీ పేరు తెలిసినంత మాత్రాన దాన్ని నడిపే పద్ధతి తెలియదు.

5. మూసిన తలుపులు

ఈ సమస్య కంప్యూటర్ రంగంలో కొత్తది కాదు. 1980 ప్రాంతంలో ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు వచ్చిన జిరాక్స్ లేజర్ ప్రింటర్ ప్రోగ్రామ్ పాఠం రిచర్డ్ స్టాల్‌మన్‌కు దొరకలేదు. కాగితం ఇరుక్కుంటే వాడుకదారులకు తెలియజేసే సదుపాయాన్ని పాత ప్రింటర్‌కు జోడించినట్లు దీనికి జోడించలేకపోయాడు. 1983లో అతడు గ్నూ ఉద్యమాన్ని ప్రకటించడానికి దారితీసిన అనుభవాలలో ఇదొకటి.

1990ల చివర విన్‌మోడెమ్‌లు వచ్చాయి. వీటిలో ఖర్చు తగ్గించడానికి మోడెమ్ చేయవలసిన పనిని చాలావరకు విండోస్‌లో నడిచే సాఫ్ట్‌వేర్‌కు అప్పగించారు. భారతదేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సామాన్యులకు ఇంటర్నెట్ అందించడం మొదలుపెట్టింది. ఇంట్లో ఇంటర్నెట్ కావాలంటే టెలిఫోన్ తీగ, మోడెమ్ తప్పనిసరి. చౌకగా దొరికే విన్‌మోడెమ్ ఉన్నవారు లినక్స్ వేసుకుంటే ఇంటర్నెట్ ఆగిపోయేది. డ్రైవర్ వెతుకుదామన్నా అదే ఇంటర్నెట్ కావాలి. తక్కువ ధర వస్తువు కొన్నవారే ఎక్కువ నష్టపోయారన్న మాట.

తయారీ సంస్థల వాదన కూడా తెలుసుకోవాలి. పత్రాలు ఇస్తే పోటీదారులకు రహస్యాలు తెలుస్తాయనీ, పేటెంట్ వివాదాలు వస్తాయనీ అవి భయపడ్డాయి. వై-ఫై విషయంలో రేడియో తరంగాల నియంత్రణ చట్టాలను కూడా కారణంగా చూపాయి. కొన్ని సంస్థలు మధ్యేమార్గంగా, చదవడానికి వీలులేని యంత్రభాషలో మాత్రమే డ్రైవర్లు ఇచ్చాయి. వీటికి "బ్లాబ్" అని పేరు వచ్చింది.

6. రెండు మార్గాలు

బ్లాబ్‌లను అంగీకరించాలా వద్దా? దీనిపై భిన్నాభిప్రాయాలు వచ్చాయి. పరికరం పనిచేయడమే వాడుకదారుకు ముఖ్యమని కొందరన్నారు. 1995లో థియో డి రాట్ ప్రారంభించిన ఓపెన్‌బీఎస్‌డీ వద్దని తేల్చింది. కెర్నెల్‌లో నడిచే డ్రైవర్‌కు యంత్రంపై పూర్తి అధికారం ఉంటుంది; దానిలో ఏముందో చూడలేనప్పుడు భద్రతకు హామీ ఇవ్వలేమని ఆ బృందం వాదన. 2005లో అడాప్టెక్ సంస్థ రెయిడ్ కంట్రోలర్ల పత్రాలు ఇవ్వకపోవడంతో, 3.7 విడుదలలో వాటికి మద్దతును ఉపసంహరించింది. సరిగా నడవని డ్రైవర్ వాడుకదారు సమాచారాన్ని పోగొట్టవచ్చు, కాబట్టి దాన్ని ఇవ్వకపోవడమే మేలని భావించింది. ఆ కంట్రోలర్లు కొన్నవారికి మాత్రం ఇది ఇబ్బందే.

పత్రాలు లేనప్పుడు మిగిలిన దారి రివర్స్ ఇంజినీరింగ్. అంటే ఉన్న డ్రైవర్ పరికరంతో ఎలా వ్యవహరిస్తుందో పరిశీలించి, రిజిస్టర్ల అర్థం ఊహించి, పరీక్షించి నిర్ధారించుకోవడం. ఎథిరోస్ వై-ఫై చిప్‌లలో బ్లాబ్‌గా ఉన్న భాగానికి ఓపెన్‌బీఎస్‌డీకి చెందిన రేక్ ఫ్లోటర్ ఈ పద్ధతిలో ప్రత్యామ్నాయం రాశాడు. ఆ పని ఆధారంగానే లినక్స్‌లో ఏటీహెచ్5కే డ్రైవర్ వచ్చింది. 2008లో ఎథిరోస్ సంస్థే తన కొత్త చిప్‌లకు ఓపెన్ సోర్స్ డ్రైవర్ విడుదల చేసింది. అంతకుముందు 2007లో ఏఎండీ సంస్థ తన గ్రాఫిక్స్ చిప్‌ల పత్రాలను బయటపెట్టడం ప్రారంభించింది.

7. ముగియని చర్చ

నేటి పరికరాలలో చాలావాటికి ఫర్మ్‌వేర్ కావాలి. ఇది కెర్నెల్‌లో కాక పరికరం లోపలి ప్రాసెసర్‌పై నడుస్తుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌పై పట్టుదల గల డెబియన్ సంస్థ కూడా 2022లో ఓటింగ్ జరిపి, మూసి ఉన్న ఫర్మ్‌వేర్‌ను తన ఇన్‌స్టాలర్‌లో చేర్చడానికి ఒప్పుకుంది. అది లేకుండా అనేక ల్యాప్‌టాప్‌లలో ఇన్‌స్టాలేషనే కష్టమయ్యే స్థితి వచ్చింది.

మద్దతు ఒకసారి వస్తే శాశ్వతం కూడా కాదు. 2013లో వెలువడిన లినక్స్ 3.8 నుంచి, లినక్స్ పుట్టిన 386 ప్రాసెసర్‌కే మద్దతు తీసివేశారు. అయితే ఇక్కడ ఒక తేడా ఉంది. ప్రోగ్రామ్ పాఠం అందరి దగ్గరా ఉంది కనుక, అవసరమైనవారు పాత కెర్నెల్‌ను వాడుకోవచ్చు, సవరించుకోవచ్చు. బ్లాబ్‌కు తయారీదారు మద్దతు ఆపితే ఆ అవకాశం ఉండదు. బాగా ఉన్న పరికరం కూడా చెత్తబుట్ట పాలవుతుంది.

8. సారాంశం

పీసీ నిర్మాణం బహిరంగంగా ఉండటం, 386 ప్రాసెసర్ రావడం వల్ల స్వేచ్ఛా యూనిక్స్ వ్యవస్థలు పీసీపై నిలబడ్డాయి. స్వచ్ఛంద ప్రోగ్రామర్ల శ్రమతో డ్రైవర్లు పెరిగాయి. పత్రాలు దొరికిన చోట పని సాఫీగా సాగింది. దొరకని చోట ఏళ్ల శ్రమ, వివాదం తప్పలేదు. డబ్బిచ్చి కొన్న పరికరం ఎలా పనిచేస్తుందో తెలుసుకునే హక్కు కొన్నవారికి ఉందా అనే ప్రశ్న ఈ చరిత్ర అంతటా కనిపిస్తుంది. వై-ఫై గురించి అడిగిన విద్యార్థి, తనకు తెలియకుండానే, ఈ ప్రశ్నే అడుగుతున్నాడు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. యూనిక్స్‌కు 80386 ప్రాసెసర్ ఎందుకు అనుకూలించింది?
2. ఐఎస్ఏ, పీసీఐ పద్ధతుల మధ్య తేడాలు రాయండి.
3. బ్లాబ్, ఫర్మ్‌వేర్‌ల మధ్య భేదం ఏమిటి?
4. 2005లో ఓపెన్‌బీఎస్‌డీ తీసుకున్న నిర్ణయం సమంజసమేనా? వాడుకదారు, ప్రోగ్రామర్, తయారీదారు – ముగ్గురి దృష్టితో చర్చించండి.