ఇంట్లో కట్టిన కారుకు నంబరు వస్తుందా? రహదారి యోగ్యత పరీక్షలు, రిజిస్ట్రేషన్ నిబంధనలు

జంషెడ్‌పూర్‌లో వాహనం తయారుచేయగల చేతులకు కొరత లేదు. 1945లో ఏర్పడిన టెల్కో, 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సహకారంతో ఇక్కడ ట్రక్కుల తయారీ మొదలుపెట్టింది. నేటి టాటా మోటార్స్ అదే. ఖర్కాయి నదికి అవతల ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలో విడిభాగాలు తయారుచేసే చిన్న కర్మాగారాలు వరుసగా కనిపిస్తాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తరాల క్రితం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ లేతు, వెల్డింగు, ఫిట్టింగు పనులు తెలిసినవారు ఎందరో ఉన్నారు. పాత ఇంజిను, గొట్టాలతో చేసిన చట్రం, నాలుగు చక్రాలు సమకూర్చుకుని సొంతంగా కారు కట్టుకోవాలన్న కోరిక ఇటువంటి ఊళ్లో పుట్టడం సహజం. అయితే ఆ కారు ఇంటి గేటు దాటి వీధిలోకి రావాలంటే చట్టం అడిగే కాగితాలు వేరు. వాటిలో ముఖ్యమైన ఒక కాగితాన్ని జిల్లా రవాణా కార్యాలయం ఇవ్వలేదు. ఈ సంగతి పని మొదలుపెట్టకముందే తెలిస్తే డబ్బు, శ్రమ రెండూ మిగులుతాయి.

ఏది మోటారు వాహనం?

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 2లోని 28వ క్లాజు ప్రకారం రహదారిపై నడిచేందుకు అనువుగా ఉండి, యాంత్రిక శక్తితో కదిలే ప్రతిదీ మోటారు వాహనమే. బాడీ బిగించని ఛాసిస్ కూడా ఈ నిర్వచనంలోకి వస్తుంది. పట్టాలపై నడిచేవాటికి, ఫ్యాక్టరీలో లేదా మూసివున్న ఆవరణలో మాత్రమే వాడేందుకు రూపొందించిన ప్రత్యేక వాహనాలకు మినహాయింపు ఉంది. నాలుగు కంటే తక్కువ చక్రాలు ఉండి, ఇంజిను సామర్థ్యం 25 సీసీ మించని వాహనాలకు కూడా మినహాయింపు వర్తిస్తుంది. ఇంట్లో కట్టిన నాలుగు చక్రాల కారు ఈ మినహాయింపుల్లో దేనిలోనూ ఇమడదు.

సెక్షన్ 39 ప్రకారం రిజిస్ట్రేషన్ లేని వాహనాన్ని బహిరంగ స్థలంలో నడపకూడదు, నడపనివ్వకూడదు. బహిరంగ స్థలం అంటే ప్రజలకు ప్రవేశించే హక్కు ఉన్న ఏ చోటైనా. జంషెడ్‌పూర్ టౌన్‌షిప్ వీధులకు ఈ అంశం ముఖ్యం. వీధిని ప్రభుత్వం నిర్వహిస్తోందా, కంపెనీ నిర్వహిస్తోందా అన్నది చట్టం పట్టించుకోదు. జనం స్వేచ్ఛగా వచ్చిపోయే దారి అయితే అక్కడ నడిచే వాహనానికి నంబరు ఉండవలసిందే.

యోగ్యతా పత్రం ఎవరిది?

కొత్త వాహనం రిజిస్ట్రేషన్‌కు కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989, రూల్ 47 ప్రకారం ఫారం 20లో దరఖాస్తు చేయాలి. దానికి అమ్మకపు ధ్రువపత్రమైన ఫారం 21, రహదారి యోగ్యతా పత్రమైన ఫారం 22, బీమా పత్రం, చిరునామా రుజువు జతచేయాలి. బాడీని వేరేచోట కట్టించిన వాహనానికి ఫారం 22-ఏ వర్తిస్తుంది.

చిక్కంతా ఫారం 22 దగ్గరే ఉంది. వాహనం చట్టంలోని, నిబంధనల్లోని ప్రమాణాలకు అనుగుణంగా ఉందని దానిపై సంతకం చేయవలసింది తయారీదారు. ఆ సంతకం వెనుక రూల్ 126 ఉంది. ఏ నమూనా వాహనమైనా అమ్మకానికి రాకముందు కేంద్రం గుర్తించిన పరీక్షా సంస్థలో పరీక్షకు నిలవాలని ఈ నిబంధన చెబుతుంది. పుణేలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్, అహిల్యానగర్ (పూర్వపు అహ్మద్‌నగర్)లోని వీఆర్‌డీఈ వంటివి ఆ సంస్థలు. బ్రేకులు, స్టీరింగు, దీపాలు, అద్దాలు, సీటు బెల్టుల బిగింపు, పొగ, శబ్దం అన్నింటినీ అక్కడ కొలుస్తారు. 2020 ఏప్రిల్ 1 నుంచి ఉద్గారాలకు భారత్ స్టేజ్-6 ప్రమాణం అమలులో ఉంది. నమూనా నెగ్గాక తయారయ్యే వాహనాలు దానికి తగినట్టు ఉన్నాయో లేదో చూసేందుకు రూల్ 126-ఏ కింద మళ్లీ తనిఖీలు ఉంటాయి. ఛాసిస్ నంబరు, ఇంజిను నంబరు, తయారైన నెల చెక్కి ఉండాలని రూల్ 122 నిర్దేశిస్తుంది.

ఈ ఏర్పాటంతా వేల సంఖ్యలో ఒకే రకం వాహనాలు తయారుచేసే కంపెనీలను దృష్టిలో పెట్టుకుని చేసినది. పరీక్షల ఖర్చును వేల వాహనాలపై పంచుకుంటే ఒక్కోదానిపై పడే భారం స్వల్పం. ఒకే ఒక్క కారు కట్టిన వ్యక్తి ఆ ఖర్చంతా ఒంటరిగా మోయాలి. ఇక విడిభాగాల పెట్టెలు కొని ఇంట్లో బిగించుకునే కిట్ కారుకు మన నిబంధనల్లో ప్రత్యేక తరగతి లేదు.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూస్తే సరిపోదా?

తెలుగునాట జనం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ ఒకసారి చూసి సరే అంటే చాలు కదా అన్న సందేహం చాలామందికి కలుగుతుంది. ఇక్కడ రెండు వేర్వేరు పత్రాలను కలిపి చూడకూడదు. సెక్షన్ 56 కింద ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రవాణా వాహనాలకు సంబంధించినది. సొంత కారుకు 15 ఏళ్లు నిండాక ఫారం 25తో రిజిస్ట్రేషన్ పునరుద్ధరించేటప్పుడు కూడా తనిఖీ ఉంటుంది. ఈ రెండు సందర్భాల్లోనూ ఇన్‌స్పెక్టర్ చూసేది, ఒకప్పుడు ఆమోదం పొందిన వాహనం ఇప్పుడు ఏ స్థితిలో ఉందన్నదే. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గిందా, స్టీరింగులో ఆట 30 డిగ్రీలు మించిందా అని ఆయన చెప్పగలరు. కొత్త చట్రం గుంతలో పడితే వెల్డింగు నిలుస్తుందా, ఢీకొన్నప్పుడు సీటు ఊడిరాకుండా ఉంటుందా అన్నది కంటిచూపుతో తేలదు.

ప్రమాదం జరిగితే

ఉత్తర భారతంలో నీటి పంపు డీజిల్ ఇంజిన్లను చెక్క చట్రాలకు బిగించి నడిపే జుగాడ్ బండ్లపై రాజస్థాన్ ఆర్టీసీ కేసులో సుప్రీంకోర్టు 2013 మేలో తీర్పు చెప్పింది. జుగాడ్ కూడా చట్టం ప్రకారం మోటారు వాహనమేననీ, నిబంధనలు పాటించకుండా రహదారిపై తిరగరాదనీ తేల్చింది.

అసలు ప్రమాదం జరిమానాకు మించినది. సెక్షన్ 146 ప్రకారం థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. రిజిస్ట్రేషన్ లేని ఇంటి తయారీ కారుకు బీమా దొరకడం కష్టం. అటువంటి కారు పాదచారిని గుద్దితే పరిహారం నడిపినవారి ఇల్లు, పొలం, జీతం నుంచే రావాలి. అవి లేకపోతే బాధితుడి కుటుంబమే నష్టపోతుంది. తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు దాటిన వాహనానికి జరిగిన నష్టంపై క్లెయిమును బీమా సంస్థ నిరాకరించడం సబబేనని సుప్రీంకోర్టు 2014లో నరీందర్ సింగ్ కేసులో స్పష్టం చేసింది.

శిక్షలూ తక్కువేమీ కాదు. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే సెక్షన్ 192 కింద మొదటిసారి 5,000 రూపాయల వరకు జరిమానా ఉంటుంది. బీమా లేకుంటే సెక్షన్ 196 కింద 2,000 రూపాయల జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాణాలకు విరుద్ధమైన వాహనాన్ని తయారీదారు లేదా డీలరు అమ్మితే, 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182-ఏ కింద ఏడాది వరకు జైలు లేదా వాహనానికి లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఇరుగుపొరుగుకు ఒకటి రెండు బండ్లు కట్టి అమ్మాలనుకునే వర్క్‌షాపులు దీన్ని గమనించాలి.

ప్రతిభకు మెప్పు, రోడ్డుకు అడ్డు

మహారాష్ట్ర సాంగ్లీ జిల్లా దేవరాష్ట్రే గ్రామానికి చెందిన ఒక కమ్మరి పాత సామాను పోగుచేసి, ద్విచక్ర వాహనంలా కిక్ కొట్టి నడిపే చిన్న కారు తయారుచేశారు. 2021 డిసెంబరులో ఆ వీడియో పారిశ్రామికవేత్త ఆనంద్ మహీంద్రా దృష్టికి వచ్చింది. నిబంధనలకు అనుగుణంగా లేనందున అధికారులు ఏనాటికైనా దాన్ని ఆపుతారని ఆయన చెబుతూ, దానికి బదులుగా బొలెరో ఇవ్వజూపారు. 2022 జనవరిలో ఆ మార్పిడి జరిగింది. దేశం మెచ్చిన చేతిపని కూడా నంబరు పలక దగ్గర ఆగిపోయింది.

హైదరాబాద్ బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియం మరో దారి చూపింది. బూటు, బర్గరు, క్రికెట్ బంతి వంటి ఆకారాల్లో వాహనాలు తయారుచేసిన సుధాకర్, 2005లో ప్రపంచంలోనే అతిపెద్ద ట్రైసైకిల్‌తో గిన్నిస్ రికార్డు సాధించారు. ప్రదర్శనశాల ఉండటంతో ఆ కళకు చూపరులు దొరికారు.

నిబంధన మారిన సందర్భం

ఇళ్లలో, చిన్న షెడ్లలో కట్టిన వాహనాలకు చట్టం దారి ఇచ్చిన సందర్భం మన దేశంలో లేకపోలేదు. ఈ-రిక్షాలను 2014 జులై 31న ఢిల్లీ హైకోర్టు నిషేధించాక, అదే ఏడాది కేంద్రం నిబంధనలు మార్చింది. 2015లో చట్టానికీ సవరణ వచ్చింది. గంటకు 25 కిలోమీటర్ల వేగ పరిమితి, నలుగురు ప్రయాణికుల పరిమితి విధించి, నమోదైన ఈ-రిక్షా సంఘం కూడా ఫారం 22 ఇచ్చే వీలు కల్పించింది. పరీక్ష భారాన్ని సంఘం పంచుకుంటే చిన్న తయారీదారుకూ చోటు దొరుకుతుందన్నది ఇక్కడి పాఠం.

బ్రిటన్‌లో ఏర్పాటు మరోలా ఉంది. 2009 నుంచి అమలులో ఉన్న వ్యక్తిగత వాహన ఆమోద పద్ధతిలో, ఔత్సాహికుడు కట్టిన ఒక్క కారునే ప్రభుత్వ పరీక్షా కేంద్రంలో తనిఖీ చేస్తారు. బ్రేకులు, స్టీరింగు, సీటు బెల్టులు, దీపాలు, పొగ, శబ్దం, బయటికి పొడుచుకువచ్చే పదునైన అంచులు చూసి, సరిపోతే ధ్రువపత్రం ఇస్తారు. ఆ తరవాతే నంబరు. గుర్తింపు లేదా వయసు తేలని వాహనాలకు క్యూ అక్షరంతో మొదలయ్యే నంబరు కేటాయిస్తారు. ఇటువంటి ఒక్క వాహనపు పరీక్ష లేకపోవడమే మన నిబంధనల్లోని ఖాళీ.

ప్రస్తుతం ఉన్న దారులు

మొదటిది, ఇప్పటికే రిజిస్టరైన కారును పునరుద్ధరించడం. ఆర్సీలోని వివరాలు, తయారీదారు నిర్దేశించిన వివరాలు వేరుపడేలా మార్చకూడదని సెక్షన్ 52 చెబుతుంది. 2019 జనవరి 9న జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా నిర్ధారించింది. ఇంజిను మార్పిడి వంటివాటికి ముందస్తు అనుమతి తీసుకోవాలి. అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

రెండోది, పాత కారును విద్యుత్తుకు మార్చుకోవడం. పరీక్షా సంస్థ ఆమోదం పొందిన కిట్‌ను అధీకృత సంస్థ ద్వారానే బిగించుకోవాలి.

మూడోది వింటేజ్ వాహనం. 2021 జులైలో వచ్చిన నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, మౌలిక రూపం మారని వాహనానికి వీఏ అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు. రోజువారీ ప్రయాణాలకు దాన్ని వాడకూడదు.

నాలుగోది మూసివున్న ఆవరణ. ఇంజినీరింగ్ విద్యార్థులు బాహా, సుప్రా వంటి పోటీలకు కట్టే బండ్లు ట్రాకుపైనే పరుగెడతాయి. అక్కడికి ట్రక్కుపై ఎక్కించి తీసుకెళ్లాలి.

ఐదోది, తయారీదారుగా ముందుకొచ్చి రూల్ 126 కింద నమూనా ఆమోదం పొందడం. ఖర్చు ఎక్కువైనా, సొంత డిజైనుతో రోడ్డెక్కేందుకు చట్టబద్ధమైన దారి ఇదే.

జంషెడ్‌పూర్ వాసులు మరో సంగతి గుర్తుంచుకోవాలి. నగరం ఉన్న తూర్పు సింగ్‌భూమ్ జిల్లా వాహనాలకు జేహెచ్ 05, నది దాటితే వచ్చే సరాయికేలా-ఖర్సావాన్ జిల్లాకు జేహెచ్ 22 సంకేతాలు ఉన్నాయి. జిల్లా మారినా రూల్ 126 మారదు, ఎందుకంటే అది కేంద్ర నిబంధన. ఒక కార్యాలయం కాదన్న వాహనానికి పక్క కార్యాలయంలో నంబరు ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మకూడదు. చట్రానికి మొదటి గొట్టం కోయకముందే పై ఐదు దారుల్లో ఏది తమదో తేల్చుకుని, రవాణా కార్యాలయంలో లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోవడం మేలు.