శ్రీహరికోట: అడవియు, రాకెట్టును, యానాదులును

నెల్లూరు సీమకు దక్షిణపు కొనయందు, పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ, ఒక పొడవైన ఇసుకదీవి కలదు. అదియే శ్రీహరికోట. 2022లో జిల్లాల పునర్విభజన జరిగి అది తిరుపతి జిల్లాలో చేరినను, నెల్లూరు తీరమనగానే మనకు ముందుగా స్ఫురించు పేర్లలో అదియు ఒకటి. రాకెట్టు ఎగిరిన దినమున రేడియో వార్తలలో ఆ పేరు వినని ఇల్లుండదు. అయితే ఆ దీవిని ప్రభుత్వము తన పనికి ప్రత్యేకించుకొనుట రాకెట్లతో మొదలైన సంగతి కాదు.

1835లో కుంపిణీ ప్రభుత్వము ఈ దీవిని స్వాధీనము చేసికొన్నది. చెన్నపట్టణమునకు వంటచెరకు కావలెను. అడవి ఇచ్చట ఉన్నది. తరువాతి కాలమున బకింగ్‌హాము కాలువ మీద పడవలలో కట్టెలు పట్టణము చేరుచుండెడివి. దీవిలో నివసించు యానాదులు తేనె, మైనము, మూలికలు, అద్దకమునకు పనికివచ్చు చిరివేరు సేకరించి సర్కారున కిచ్చి కూలి పుచ్చుకొనిరి. తమ అడవిలో తాము కూలివాండ్రగుట యన్నమాట! పిమ్మట దీవిలో సరుగుడు, నీలగిరి తోటలు కూడ లేచినవి.

1969లో విక్రమ్ సారాభాయి కాలమున ఈ దీవిని ఉపగ్రహ ప్రయోగములకు ఎన్నుకొనిరి. కేరళములోని తుంబాలో 1963 నుండియు చిన్న రాకెట్లు ఎగురుచుండినవి. కాని భూభ్రమణపు వేగమును వాడుకొనవలెనన్న ఉపగ్రహ వాహనమును తూర్పునకు పంపవలెను. పడమటి తీరమునుండి తూర్పునకు పంపినచో దారిలో ఊళ్ళున్నవి. శ్రీహరికోటకు తూర్పున సముద్రమే. చుట్టును సరస్సు, జనము తక్కువ. సుమారు 145 చదరపు కిలోమీటర్ల నేల ఇట్లు కేంద్రమునకు వచ్చెను. 1971 అక్టోబరు 9న తొలి రోహిణి రాకెట్టు ఎగిరెను. 1980 జూలై 18న మన వాహనమే మన ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను. 2025 జనవరి 29న నూరవ ప్రయోగము జరిగెను. 2002 నుండి ఈ కేంద్రము సతీశ్ ధావన్ పేరిట వెలయుచున్నది. ఇది సైనిక స్థావరము కాదు, అంతరిక్ష శాఖది. ఐనను ద్వారముకడ సాయుధ రక్షకులు నిలిచినప్పుడు కట్టెలకు పోవువానికి ఆ భేదము తెలియునా?

ఇక వింతయగు ఫలితమును చెప్పవలెను. ప్రమాదము తగులకుండుటకై విడిచిన ఖాళీ నేలలో గొడ్డలి ఆగెను. మన తూర్పు తీరమున అరుదైపోయిన మెట్ట సతతహరితారణ్యము ఇచ్చట మిగిలినది. అందు దేవాంగపిల్లులున్నవి, ఇసుకలో సముద్రపు తాబేళ్ళు గ్రుడ్లు పెట్టును. అమెరికాలోనూ ఇట్లే జరిగెను. ఫ్లారిడా తీరమున రాకెట్ల కొరకు తీసికొన్న మెరిట్ ద్వీపపు నేలలో 1963లో వన్యప్రాణుల ఆశ్రయమును నెలకొల్పిరి. ఇంగ్లండులో 1897 నుండి సైన్యము కవాతు చేయు సాలిస్‌బరీ మైదానమున నాగలి తగులని పచ్చిక నేటికిని ఉన్నది. అడవిని కాపాడవలెనని ఎవరును ఈ నేలలను మూయలేదు సుమా! మూసినందున మిగిలినవి, అంతే.

సరస్సు మాట వేరు. దానిని బుద్ధిపూర్వకముగనే 1976లో పక్షుల రక్షితకేంద్రముగ ప్రకటించిరి. దగ్గరనున్న నేలపట్టును అదే ఏట ప్రకటించిరి. అచ్చట గూడబాతులు నీటిలో నిలిచిన చెట్లపై గూళ్ళు కట్టును. కాని సూళ్ళూరుపేట నుండి దీవికి పోవు రోడ్డుకట్ట సరస్సును చీల్చుకొని పోవును. నీటి రాకపోకలకు అది అడ్డమైనదని సరస్సును పరిశీలించినవారి అభిప్రాయము. ఊళ్ళు ఖాళీయైనప్పుడు విడిచిన పశువులు అడవిలో అడవిగొడ్లై పెరిగినవి. బొంబాయి ప్రకృతిశాస్త్ర సంఘమువారు వాటిని గూర్చియు పరిశోధించిరి.

ఆ ఊళ్ళవారి సంగతి? రాకెట్టుకేంద్రము వచ్చినప్పుడు యానాదులలో పెక్కుమందిని ఒడ్డునకు తరలించిరి. అడవి తెలిసినవారికి అడవిలేని చోట కాపురము ఏర్పడెను. ఏ వేరు ఏ నొప్పికో, ఏ పుట్టలో ఏమున్నదో తెలిసిన విద్య అచ్చట ఏ కొలువునకును పనికిరాదు. దీవిని విడుచుట దేశమునకు అవసరమే కావచ్చును, మేము కాదనము. పక్షికిచ్చినంత ఆశ్రయము ఈ మనుష్యులకును ఇచ్చితిమా యన్నది మాత్రము మమ్ము విడువని ప్రశ్న. తేనె తీయువాడు ఉపగ్రహమునకు చేయు హాని యేమి? ప్రయోగము లేని దినములలో వానికి అడవిదారి తెరచి యుంచుట అసాధ్యమా?

శీతకాలమున ఫ్లెమింగో పక్షులు వచ్చినప్పుడు జనము సూళ్ళూరుపేట నుండి ఆ రోడ్డుకట్ట మీద బారులు తీరి వాటిని చూతురు. రోడ్డు కొననున్నది తనిఖీ ద్వారము. దానికి ఆవల చిరివేరు త్రవ్వినవారి మనుమలలో పెక్కుమంది నేడు దానికి ఈవలనే యున్నారు.